ఫ్లాట్‌ప్యాక్ బుక్‌షెల్ఫ్ రిపేర్: వదులైన, కుంగిన, అరిగిన భాగాలను సరిచేయడానికి సమగ్ర మార్గదర్శి

స్క్రూ ఎంత తిప్పినా బిగుసుకోవడం లేదు. మధ్య అర కుంగిపోయింది. ముట్టుకుంటే షెల్ఫ్ మొత్తం పక్కకు ఊగుతోంది. ఫ్లాట్‌ప్యాక్ బుక్‌షెల్ఫ్ (విడి పలకలుగా పెట్టెలో వచ్చి, ఇంట్లో బిగించుకునేది) వాడేవాళ్ళు అడిగేవి దాదాపు ఈ మూడే. మూడింటికీ చాలామంది చేసే పని కూడా ఒక్కటే: స్క్రూడ్రైవర్ తీసుకుని కనిపించిన ప్రతి స్క్రూనూ ఇంకాస్త గట్టిగా బిగించడం.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. ఈ షెల్ఫుల్లో ఎక్కువగా వాడే పార్టికల్ బోర్డు, చెక్క పొట్టును జిగురుతో కలిపి అదిమి చేసినది. అసలు చెక్కకు ఉండే పొడవాటి నారలు దానిలో లేవు. బెజ్జంలో మర ఒకసారి తెగితే లోపల మిగిలేది పొడి మాత్రమే. ఆ తర్వాత ఎంత తిప్పినా ఆ పొడి ఇంకా నలుగుతుందే తప్ప పట్టు రాదు.

అందుకే ఈ పనిలో బిగించడం చివరి మెట్టు. దానికి ముందు, పట్టు ఎక్కడ తప్పిందో కనిపెట్టాలి. చాలాసార్లు లోపం కనిపించే చోటు వేరు, పుట్టిన చోటు వేరు.

## 1. ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

షెల్ఫ్ నిలబడి ఉండగానే, పై మూలను అరచేత్తో మెల్లగా పక్కకు తోసి చూడండి. గట్టిగా తోయకండి.

- మొత్తం చట్రం ఒక పక్కకు ఒరిగితే: వెనక షీట్ మేకులు వదులయ్యాయి, లేదా షీట్ గాడిలోంచి బయటికొచ్చింది. స్క్రూలు బిగించినా ఇది తగ్గదు.
- ఒక్క అతుకు దగ్గర మాత్రమే సందు తెరుచుకుంటే: అక్కడి క్యామ్ లాక్ (పలకలో కూర్చుని, తిప్పితే ఎదుటి పలకలోని బోల్టు తలను పట్టుకునే గుండ్రటి బిళ్ళ), దాని బోల్టు, లేదా బోల్టు కూర్చున్న బెజ్జం పాడైంది.
- ముందుకూ వెనక్కూ ఊగితే: నేల సమంగా లేదు, లేదా గోడకు కట్టిన పట్టీ ఊడింది.
- అర ఒక మూల దిగిపోతే: షెల్ఫ్ పిన్ (అరను కింద నుంచి మోసే చిన్న ములుకు) విరిగింది, లేదా దాని బెజ్జం సాగింది.
- అర మధ్యలో వంగితే: అరకున్న మందానికి దాని పొడవు ఎక్కువ, లేదా బరువు ఎక్కువ.
- అడుగున పలక లావెక్కి పెచ్చులు లేస్తే: నీళ్ళు తాగింది.

ఇప్పుడు టేపు తీసుకుని ముందువైపు నుంచి రెండు మూలకొలతలు తీయండి. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఒకటి, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు ఒకటి. రెండూ సమానంగా ఉంటే చట్రం చతురంగా, అంటే మూలలన్నీ లంబకోణంలో ఉన్నట్టు. 3, 4 మి.మీ. తేడా ఉంటే ముందు వెనక షీట్ సంగతి చూడాలి. మిగతా రిపేర్లన్నీ దాని తర్వాతే.

కొన్ని షెల్ఫులు బాగుచేయడానికి పనికిరావు, వాటి మీద శ్రమ పెట్టకండి. పక్క పలక అడ్డంగా చీలిపోయినా, బరువు మోసే అతుకుల దగ్గర బోర్డు వేలితో గీరితే పిండిలా రాలుతున్నా ఆ పలక మార్చాల్సిందే. రెండు పక్క పలకలూ అలాగే ఉంటే షెల్ఫ్ పని అయిపోయినట్టే. బాగున్న అరలు, క్యామ్‌లు, పిన్నులు మాత్రం తీసి దాచుకోండి, మరో షెల్ఫుకు పనికొస్తాయి.

## 2. విడిభాగాలు: కొలిచాకే తెప్పించుకోండి

మాన్యువల్ ఉంటే సగం పని తగ్గుతుంది. చాలా కంపెనీలు ప్రతి స్క్రూ, ప్రతి క్యామ్ బొమ్మ పక్కన ఒక నంబర్ ముద్రిస్తాయి. ఐకియా మాన్యువల్స్‌లో అది ఎక్కువగా ఆరంకెల నంబర్. ఆ నంబర్ చెబితే సరిగ్గా అదే భాగం అడగవచ్చు. కాగితం పోతే మోడల్ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి, చాలా మాన్యువల్స్ అక్కడే దొరుకుతాయి.

నంబర్ దొరక్కపోతే కొలవాల్సినవి ఇవి:

- షెల్ఫ్ పిన్: ఎక్కువగా 5 మి.మీ. మందం. కొన్ని 6 మి.మీ., కొన్ని పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. తేడా కంటికి తెలియదు. 5 మి.మీ. డ్రిల్ బిట్ వెనక కొసను బెజ్జంలో పెట్టి చూడండి. అది కదలకుండా సరిపోతే 5, వదులుగా ఆడితే 6 లేదా ఆపైన.
- క్యామ్: 16 మి.మీ. బోర్డుల్లో ఎక్కువగా 15 మి.మీ. వ్యాసం. వ్యాసంతో పాటు లోతూ కొలవండి, బోర్డు మందాన్ని బట్టి అది మారుతుంది.
- క్యామ్ బోల్టు: మొత్తం పొడవు ఒక్కటే చాలదు. పలకలోంచి బయటికి ఎంత పొడుచుకొస్తుందో కొలవండి. 24, 34 మి.మీ. రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదాని బదులు మరొకటి పనిచేయదు.
- చెక్క డోవెల్ (రెండు పలకల బెజ్జాల్లో దూరి వాటిని కలిపే గుండ్రటి పుల్ల): ఎక్కువగా 8 మి.మీ. మందం, 30 మి.మీ. పొడవు.
- కన్ఫర్మాట్ స్క్రూ: లావుపాటి మరలతో మొద్దుగా ఉండే స్క్రూ ఇదే. 7×50 మి.మీ. సాధారణం.

క్యామ్ లాక్‌ను వడ్రంగులు మినీఫిక్స్ అని కూడా అంటారు. హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళేటప్పుడు పాత భాగాన్ని వెంట తీసుకెళ్ళండి, విరిగినదైనా సరే. ఒకటి విరిగితే దాని జతను కూడా కలిపి మార్చడం మంచిది. అదే బరువును అదీ మోసింది కదా.

## 3. సామాను సిద్ధం చేసుకోండి

- పీజెడ్2 (పోజిడ్రైవ్ రకం, రెండో సైజు) మొనతో చేతి స్క్రూడ్రైవర్. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ పెడితే చాలా క్యామ్‌ల తల అరిగిపోతుంది
- 4 మి.మీ. అలెన్ కీ
- డ్రిల్, 5, 8, 10 మి.మీ. బిట్లు
- చెక్క జిగురు, రెండు భాగాలుగా వచ్చే ఎపాక్సీ, పల్చటి సూపర్ గ్లూ
- గట్టి చెక్క డోవెల్ కడ్డీ, 10 మి.మీ. మందం
- చిన్న సుత్తి, ఒక చెక్క ముక్క
- టేపు, మూలమట్టం, లెవెల్
- రెండు క్లాంపులు
- మాస్కింగ్ టేపు, పెన్సిల్
- శాండ్‌పేపర్, ఆకురాయి
- దుమ్ము మాస్కు, కళ్ళద్దాలు

పార్టికల్ బోర్డు కోసినా, బెజ్జం వేసినా సన్నటి దుమ్ము లేస్తుంది. దానిలో జిగురు రేణువులు కూడా ఉంటాయి కాబట్టి మాస్కు లేకుండా పని మొదలుపెట్టకండి. సూపర్ గ్లూతో మరో జాగ్రత్త ఉంది. దూదికి గానీ నూలు గ్లవ్స్‌కు గానీ అది ఎక్కువగా అంటితే వేడెక్కి చర్మం కాలుతుంది. తుడవడానికి కూడా నూలు గుడ్డ వద్దు.

## 4. విప్పే వరుస

1. పుస్తకాలను పై అర నుంచి కిందికి ఖాళీ చేయండి. కింది అరలు ముందు ఖాళీ చేస్తే బరువంతా పైన మిగిలి షెల్ఫ్ ముందుకు పడే ప్రమాదం ఉంది.
2. గోడ పట్టీని ఇప్పుడు, అంతా ఖాళీ అయ్యాకే విప్పండి.
3. కదిలే అరలు తీసేయండి.
4. ఇద్దరు పట్టుకుని, నేల మీద పరిచిన దుప్పటి మీద ముందువైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టండి. ఒక్కరే వంచితే బరువంతా ఒక పక్క పలక మొన మీద పడి అతుకులు చిట్లుతాయి.
5. ప్రతి పలక మీద మాస్కింగ్ టేపు అంటించి పేరు రాయండి: ఎడమ, కుడి, పై, ఏది ముందువైపు. ఫోన్లో ఫొటోలు తీయండి.
6. అవసరమైనంత వరకే విప్పండి. పాడైంది ఒక అతుకే అయితే మిగతావాటి జోలికి పోవద్దు. స్క్రూ తీసి పెట్టిన ప్రతిసారీ బోర్డులోని మర కొంత అరుగుతుంది.

క్యామ్‌ను ఎడమవైపు సగం చుట్టు తిప్పితే వదులవుతుంది. దాని మీద బాణం గుర్తు ఉంటే, అది పలక అంచువైపు చూస్తున్నప్పుడు బోల్టు బయటికి వస్తుంది. పలకను అటూ ఇటూ ఊపుతూ లాగకండి. తిన్నగా, రెండు చివరలా సమానంగా లాగండి. ఊపి లాగితే మంచి బెజ్జం కూడా అప్పుడే తెగిపోతుంది.

వెనక షీట్ తీయాలంటే లోపలి వైపు నుంచి అంచు పక్కనే చెక్క ముక్క ఆనించి సుత్తితో మెల్లగా కొట్టండి. మేకు తలలు పైకి లేస్తాయి, అప్పుడు కటింగ్ ప్లయర్‌తో లాగవచ్చు.

## 5. మర పోయిన బెజ్జం

ఎక్కువ షెల్ఫులు ఓడిపోయేది ఇక్కడే, కాస్త ఓపిక పెడితే కోలుకునేదీ ఇక్కడే. అగ్గిపుల్లలు దూర్చి స్క్రూ బిగించేయమని చాలామంది చెబుతారు. ఆ సలహా కొన్ని చోట్ల సరే, అన్ని చోట్లా కాదు. బెజ్జం ఏ స్థితిలో ఉందో చూసి పద్ధతి ఎంచుకోండి.

5.1 కాస్త వదులు మాత్రమే. స్క్రూ లోపలికి పోతోంది, చివర్లో మాత్రం ఊరికే తిరుగుతోంది. బెజ్జంలోని పొడిని ఊదేయండి, చెక్క జిగురు వేయండి. టూత్‌పిక్‌లు రెండు మూడు దూర్చి, పైకి వచ్చిన కొసలు తుంచేయండి. జిగురు పూర్తిగా ఆరాక, అంటే మర్నాడు, స్క్రూ ఎక్కించండి. వెనక షీట్ స్క్రూలకు, అడుగు పట్టీకి ఇది చాలు. పుస్తకాల బరువు మోసే అతుకుకు మాత్రం చాలదు.

5.2 క్యామ్ బోల్టు ఊడి బయటికొచ్చింది. దీనికి పాత బెజ్జాన్ని పెద్దది చేసి, గట్టి చెక్కతో పూడ్చి, కొత్తగా వేసుకోవాలి.

1. ముందు పాత బెజ్జం మధ్య బిందువు ఎక్కడుందో కొలిచి రాసుకోండి: పలక ముందు అంచు నుంచి ఎంత, పై అంచు నుంచి ఎంత. ఈ మెట్టు వదిలేస్తే పూడ్చాక అది ఎక్కడుండేదో తెలియదు. బెజ్జం బాగా తెగిపోయి ఉంటే ఎదుటి పలకలోని అదే బెజ్జాన్ని కొలవండి.
2. పలక మందం, పాత బెజ్జం లోతు చూసుకోండి. 16 మి.మీ. పలకలో 12 మి.మీ. మించి దిగవద్దు, బయటివైపు పగులుతుంది. బిట్‌కు కొన నుంచి 12 మి.మీ. దూరంలో మాస్కింగ్ టేపు చుట్టండి, అదే హద్దు.
3. 10 మి.మీ. బిట్‌తో నిటారుగా పెద్దది చేయండి. పెట్టెలో వచ్చిన 8 మి.మీ. డోవెల్ చేతికి అందుబాటులో ఉంటుంది కానీ అది వాడకండి. దానిలో మళ్ళీ 5 మి.మీ. బెజ్జం వేస్తే చుట్టూ మిగిలే చెక్క ఒకటిన్నర మి.మీ. మాత్రమే, చీలిపోతుంది. 10 మి.మీ. అయితే చుట్టూ రెండున్నర మి.మీ. మిగులుతుంది.
4. దుమ్ము పూర్తిగా తీసేయండి. దుమ్ము మీద జిగురు పట్టదు.
5. బెజ్జం గోడలకూ డోవెల్ ముక్కకూ ఎపాక్సీ రాసి, మెల్లగా కొట్టి దించండి. జిగురు మరీ ఎక్కువైతే అడుగున చిక్కుకుని పలకను బయటికి తోస్తుంది.
6. ఒక రోజంతా వదిలేయండి.
7. పైకి మిగిలిన ముక్కను ఉలితో గానీ సన్నరంపంతో గానీ తీసేసి శాండ్‌పేపర్‌తో సమం చేయండి.
8. రాసుకున్న కొలతతో గుర్తు పెట్టి, మేకు మొనతో చిన్న గుంట చేసి, 5 మి.మీ. బిట్‌తో బెజ్జం వేయండి. బోల్టును చేత్తో ఎక్కించండి.

బోల్టు మర సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటే అది ఎం6 రకం. దానికి డోవెల్ బదులు ఇత్తడి లేదా నైలాన్ ఇన్సర్ట్ (బెజ్జంలో కూర్చునే, లోపల మర ఉన్న చిన్న గొట్టం) వాడవచ్చు. మళ్ళీ మళ్ళీ విప్పి వేరే ఇంటికి తీసుకెళ్ళే షెల్ఫుకు ఇదే మేలు.

5.3 చుట్టూ బోర్డు పొడి రాలుతోంది. వదులు పొడిని గీకి తీసేయండి. పల్చటి సూపర్ గ్లూ చుక్కలు చుక్కలుగా వేయండి, బోర్డు పీల్చుకుని గట్టిపడుతుంది. అది ఆరాక ఎపాక్సీతో పూడ్చి, 5.2లో చెప్పినట్టు కొత్త బెజ్జం వేయండి.

5.4 పలక అంచులో కన్ఫర్మాట్ స్క్రూ పట్టడం లేదు. తేలిక మార్గం పొడవు పెంచడం. 50 మి.మీ. స్క్రూ బదులు 70 మి.మీ. ది వేస్తే, లోపల చెదరని బోర్డులో పట్టు దొరుకుతుంది. ముందు 5 మి.మీ. బిట్‌తో లోతు పెంచడం మరిచిపోవద్దు. అంచులో బెజ్జం వేసేటప్పుడు, స్క్రూ ఎక్కించేటప్పుడు పలక రెండు ముఖాలకూ చెక్క ముక్కలు పెట్టి క్లాంపుతో బిగించండి. లేకపోతే అంచు పుస్తకంలా విచ్చుకుంటుంది.

పాత స్క్రూను పాత బెజ్జంలో తిరిగి పెట్టేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. ముందు ఎడమవైపు, అంటే విప్పే దిశలో మెల్లగా తిప్పండి. ఒకచోట 'టక్'మని చిన్నగా దిగుతుంది. పాత మర మొదలు అదే. అక్కడి నుంచి కుడివైపు తిప్పితే స్క్రూ పాత దారిలోనే వెళుతుంది, కొత్త దారి కోయదు.

## 6. క్యామ్ లాక్ పట్టడం లేదు

క్యామ్ సుమారు సగం చుట్టులో బిగుసుకోవాలి. అది ఊరికే తిరుగుతుంటే, కొత్తది కొనే ముందు ఈ వరుసలో చూడండి.

1. బోల్టు పూర్తిగా దిగిందా? బోల్టు మెడ పలక ముఖాన్ని ఆనుకోవాలి. ఒకటి రెండు మి.మీ. పైకి ఉన్నా క్యామ్‌కు దాని తల అందదు. ఎక్కువసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది.
2. క్యామ్ సరైన దిశలో ఉందా? బోల్టు లోపలికి వెళ్ళే ముందు క్యామ్ తెరిచిన వైపు పలక అంచుకు ఎదురుగా ఉండాలి.
3. పలకలు పూర్తిగా దగ్గరికొచ్చాయా? డోవెల్ అడ్డుపడుతుందేమో చూడండి. పాత జిగురు గడ్డకట్టి డోవెల్ లోపలికి పోకుండా ఆపడం మామూలే. గీకి శుభ్రం చేయండి. పలకలను చేత్తో దగ్గరికి తెచ్చాకే క్యామ్ తిప్పాలి, క్యామ్‌తో పలకలను లాగకూడదు.
4. క్యామ్ చిట్లిందా? బయటికి తీసి వెలుతురులో చూడండి. వీటిని ఎక్కువగా జింక్ మిశ్రమంతో పోత పోస్తారు. అతిగా తిప్పితే వంగవు, పుటుక్కున విరుగుతాయి. విరిగినదాన్ని అతికించే ప్రయత్నం చేయకండి, మార్చేయండి.

డ్రిల్ మెషిన్‌తో క్యామ్ తిప్పవద్దు. చేతికి బిగువు తెలుస్తుంది, మెషిన్‌కు తెలియదు.

క్యామ్ కూర్చునే గుంట అంచే పగిలిపోతే రెండు దారులు. పగులు చిన్నదైతే ఎపాక్సీతో పూడ్చి, ఆరాక 15 మి.మీ. ఫోర్‌స్ట్‌నర్ బిట్‌తో (చదునైన అడుగుతో గుంట తీసే బిట్) పాత చోటే గుంట తీయవచ్చు. దీనికి చెయ్యి తిరిగి ఉండాలి, లోతు ఒక్క మి.మీ. ఎక్కువైనా పలక అవతలికి బిట్ మొన పొడుచుకొస్తుంది. రెండోది నాకు ఎక్కువ నమ్మకమున్న దారి: ఆ క్యామ్‌ను వదిలేసి, అరకు కింద, లోపలి మూలలో ఎల్ ఆకారపు ఉక్కు బ్రాకెట్ వేయడం. ముందొకటి, వెనకొకటి. స్క్రూలు పలక మందం కన్నా పొట్టిగా ఉండాలి. 16 మి.మీ. పలకకు 12 మి.మీ. స్క్రూ సరిపోతుంది. పుస్తకాలు పెట్టాక బ్రాకెట్ కనిపించదు.

## 7. కుంగిన అర

పొడవాటి తిన్నని కర్ర గానీ, రెండు చివరలా లాగి పట్టిన దారం గానీ అర మీద ఆనించి మధ్యలో సందు కొలవండి. మీటరు పొడవుకు ఒకటిన్నర రెండు మి.మీ. దాటితే వంపు కంటికి కనిపించడం మొదలవుతుంది.

వంపు ఎందుకొస్తుందో తెలిస్తే పరిష్కారం తేలికవుతుంది. అర మందం పెరిగితే దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే శక్తి, ఆ మందం ఘనంతో పెరుగుతుంది. 16 మి.మీ. బదులు 18 వేస్తే బిగువు సుమారు 40 శాతం ఎక్కువ. 18 బదులు 25 వేస్తే రెండున్నర రెట్లు దాటుతుంది. పొడవు ప్రభావం ఇంకా తీవ్రం. పొడవంతా పుస్తకాలు పేర్చినప్పుడు వంపు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే 90 సెం.మీ. అరను 60కి తగ్గిస్తే వంపు ఐదో వంతుకు దిగుతుంది. పార్టికల్ బోర్డు అరకు, నిండా పుస్తకాలు పెట్టేట్టయితే, ఆధారాల మధ్య 60 సెం.మీ. దాటకపోవడం క్షేమం.

ఇంకో గుణం కూడా ఉంది. ఈ బోర్డు బరువు కింద నెలల తరబడి కొంచెం కొంచెంగా వంగుతూనే ఉంటుంది. బరువు తీసినా పూర్తిగా తిన్నబడదు.

అరను తిరగేయడం. వంపు పైకి వచ్చేలా పెడితే కొన్నాళ్ళు తిన్నగా కనిపిస్తుంది, మళ్ళీ కుంగుతుంది. తాత్కాలికంగా మాత్రమే.

ముందు అంచుకు చెక్క పట్టీ. నా దృష్టిలో శ్రమకు తగ్గ ఫలితం దీనికే ఎక్కువ. 28 సెం.మీ. లోతు, 16 మి.మీ. మందం ఉన్న పార్టికల్ బోర్డు అర మొత్తానికి ఉన్న బిగువు కన్నా, నిలువుగా నిలబెట్టిన 18×40 మి.మీ. అసలు చెక్క పట్టీ ఒక్కదాని బిగువు రెండు మూడు రెట్లు ఎక్కువ.

1. కణుపులు లేని, తిన్నని పట్టీ ఎంచుకోండి. అరకు రెండు చివరలా పిన్నులకు అడ్డు రాకుండా పొడవు కొంచెం తగ్గించండి.
2. అర ముందు అంచు పట్టీని ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి ఊడదీయండి. జిగురు మెలమిన్ లాంటి నున్నటి పైపొర మీద పట్టదు, లోపలి బోర్డు బయటపడాలి.
3. అరను వంపు పైకి వచ్చేలా తిరగేయండి.
4. చెక్క జిగురు రాసి, చెక్క పట్టీని అర పై ముఖంతో సమంగా, మిగిలిన భాగం కిందికి వేలాడేలా ఆనించండి. క్లాంపులు బిగించేటప్పుడు అర పట్టీ వెంట తిన్నబడుతుంది.
5. 15, 20 సెం.మీ. దూరాల్లో ముందే సన్న బెజ్జాలు వేసి, అంచులోకి పొడవాటి స్క్రూలు దించండి. రాత్రంతా ఆరనివ్వండి.

మధ్యలో నిలువు ఆధారం. రెండు అరల మధ్య ఒక నిలువు పలక పెట్టి ఊరుకుంటే బరువు కింది అరకు పోతుంది, ఈసారి అది కుంగుతుంది. ఆధారం పై అర నుంచి నేల దాకా ఒకే నిలువు గీతలో రావాలి. అడుగు పలక కింద ఖాళీ ఉంటే అక్కడ కూడా ఒక దిమ్మ పెట్టాలి. ఆ దిమ్మను మరిచిపోతే మిగతా పనంతా వృథా.

కొత్త అర. 18 మి.మీ. ప్లైవుడ్ మంచి ఎంపిక. రెండు పక్క పలకల మధ్య దూరాన్ని ముందు, వెనక రెండు చోట్లా కొలిచి, తక్కువ వచ్చిన కొలత నుంచి 2 మి.మీ. తగ్గించి కోయించండి. ప్లైవుడ్ పైపొర నారలు పొడవు దిశలో ఉండాలి, అడ్డంగా ఉంటే బిగువు తగ్గుతుంది.

## 8. షెల్ఫ్ పిన్నులు, సాగిన బెజ్జాలు

విరిగిన ప్లాస్టిక్ పిన్ను బదులు అదే కొలత లోహపు పిన్ను పెట్టండి, నాలుగూ ఒకే రకం ఉండేలా.

బెజ్జం కిందికి సాగి గుడ్డు ఆకారంలోకి మారితే ముందు తేలిక దారి చూడండి: అరను ఒక బెజ్జం పైకి గానీ కిందికి గానీ జరపడం. కుదరకపోతే 10 మి.మీ. డోవెల్‌తో పూడ్చి కొత్తగా 5 మి.మీ. బెజ్జం వేయాలి, పద్ధతి 5.2లో ఉన్నదే. బరువైన పుస్తకాల అర అయితే పిన్నులనే నమ్ముకోకండి. అర లోతు అంత పొడవున్న చెక్క పట్టీని పక్క పలకకు మూడు స్క్రూలతో బిగించి, దాని మీద అర కూర్చోబెట్టండి. బరువు రెండు బెజ్జాల మీద కాకుండా పట్టీ పొడవునా పడుతుంది.

## 9. వెనక షీట్

మూడు మి.మీ. మందం కూడా లేని ఈ షీట్‌ను అలంకారం అనుకుని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. షెల్ఫ్ పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది ఇదే. కొత్త క్యామ్‌లు ఎన్ని వేసినా, షీట్ వదులుగా ఉంటే ఆ ఊపు అతుకుల మీదే పడి వాటిని మళ్ళీ తెంచుతుంది.

1. చట్రాన్ని ముందువైపు కిందికి పెట్టి, సమమైన నేల మీద పడుకోబెట్టండి.
2. షీట్‌ను పరిచి, ఒక పొడవాటి అంచును పక్క పలక అంచుతో సమం చేయండి. ఆ ఒక్క వైపే మేకులు కొట్టండి.
3. ఇప్పుడు మూలకొలతలు రెండూ తీయండి. ఎక్కువ వచ్చిన మూలను లోపలికి నెట్టండి. రెండూ సమానమయ్యే దాకా సరిచేయండి.
4. చట్రాన్ని కదపకుండా పై అంచు, ఆ తర్వాత మిగతా రెండు అంచులు కొట్టండి.
5. కదలని మధ్య అర ఉంటే దాని వెనక అంచుకు కూడా కొట్టండి. పెన్సిల్‌తో ముందే గీత గీసుకోండి, లేకపోతే మేకు మొనలు అర పైకో కిందికో వస్తాయి.

మేకుల మధ్య 10 నుంచి 12 సెం.మీ. దూరం చాలు. పాత బెజ్జాల్లో కొట్టకండి, వాటి మధ్య ఖాళీల్లో కొట్టండి. మేకుల బదులు వెడల్పు తల ఉన్న చిన్న స్క్రూలు వాడితే పట్టు ఎక్కువ, తర్వాత విప్పడమూ తేలిక. షీట్ ఉబ్బినా, మూలలు చిరిగినా మార్చేయండి. షీట్ గాడిలో దూరే రకమైతే గాడి వెడల్పు కొలిచి, అదే మందం తీసుకోండి.

## 10. అంచు పట్టీ, నీళ్ళు తాగిన అడుగు

ఊడిన అంచు పట్టీ పాతదే బాగుంటే, ఆవిరి ఆపేసి మధ్యస్థ వేడిలో ఇస్త్రీ పెట్టెను పైన కాగితం వేసి నడిపించండి. వెంటనే చెక్క ముక్కతో గట్టిగా రుద్దండి. కొత్తది వేస్తే, చల్లారాక మిగిలిన అంచును ఆకురాయితో లోపలివైపే నెడుతూ తీయండి. బయటికి లాగితే పట్టీ లేస్తుంది.

ఉబ్బిన పార్టికల్ బోర్డు ఆరినా పాత మందానికి రాదు. అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు వరకే ఉబ్బితే, అది అడుగు పలక అతుకు దాకా రాకపోతే, రెండు పక్క పలకలనూ ఒకే ఎత్తున కోసి, కింద చెక్క చట్రం పెట్టి ఎత్తు సరిచేయండి. కోసిన అంచుకు వార్నిష్ గానీ పెయింట్ గానీ రెండు పూతలు వేయండి. లేకపోతే తడిగుడ్డతో నేల తుడిచిన ప్రతిసారీ మళ్ళీ నీళ్ళు పీలుస్తుంది.

## 11. తిరిగి నిలబెట్టే ముందు, తర్వాత

- అన్ని అతుకులూ ముందు వదులుగా కలిపారా? ఒకటి పూర్తిగా బిగించి మరొకదానికి వెళితే చివరి అతుకు కలవదు.
- చతురం చూశాకే తుది బిగింపు చేశారా?
- మూలకొలతలు సమానమా?
- ఎపాక్సీ, జిగురు వేసిన అతుకులకు ఒక రోజు గడిచిందా?
- నిలబెట్టాక లెవెల్ పెట్టి చూశారా? నేల వాలుగా ఉంటే పక్క పలక కింద పూర్తి వెడల్పున సన్న పలక దూర్చండి, ఒక్క మూలన కాగితం మడత పెట్టకండి.
- గోడ పట్టీ బిగించారా? పైనున్న గట్టి పలకకు బిగించాలి, వెనక షీట్‌కు కాదు. ఇటుక, కాంక్రీటు గోడకు ప్లగ్గు వేసి స్క్రూ పెట్టండి. లోపల బోలుగా ఉండే గోడ అయితే లోపలి నిలువు ఆధారాన్ని వెతికి దానికే బిగించండి, లేదా బోలు గోడలకు తగిన యాంకర్ వాడండి. పిల్లలున్న ఇంట్లో ఈ పని అయ్యేదాకా ఒక్క పుస్తకం కూడా పెట్టకండి.

పుస్తకాలు కింది అర నుంచి పైకి పేర్చండి, బరువైనవి అడుగున. ఏ అర ఎంత మోస్తోందో తెలియాలంటే 30 సెం.మీ. వరుస పుస్తకాలను బరువు తూచి, అర పొడవుకు లెక్కకట్టండి. మాన్యువల్‌లో రాసిన హద్దుతో పోల్చి చూడండి.

ఒక వారం తర్వాత క్యామ్‌లను చేతి స్క్రూడ్రైవర్‌తో తాకి చూడండి. ఏదైనా కదిలితే ఆ అతుకు దగ్గర సందు ఉందేమో చూసి, పలకలను దగ్గరికి నొక్కి అప్పుడు బిగించండి. అదే క్యామ్ మరోసారి వదులైతే బిగించడం ఆపి, దాని బోల్టు బెజ్జాన్ని 5.2 ప్రకారం బాగుచేయండి.